నిలబడి తిన్న అన్నం

నూరిస్ పొద్దున లేవగానే శిలువ గుర్తు వేసుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు ఆమె తొలి దర్శనం స్నానాలగది మూలనున్న బరువు యంత్రానికే. చెప్పులు విప్పి, చెవిపోగులు తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి దాని మీద ఎక్కుతుంది. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని ఆమెకీ తెలుసు. ఏం చేస్తాం, అలవాటు.

ఆ రోజు ముల్లు నిన్నటిచోటే ఉంది. హమ్మయ్య అనుకుంటూ దిగేలోగా తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది.

“అమ్మా! దానితో ముచ్చట్లయ్యాయా? నాకు బడికి టైమవుతోంది!”

“వస్తున్నానే, కొంపలు మునిగినట్టు ఆ అరుపులేంటి?”

“రోజూ ఎక్కితే పాపం అదే అరిగిపోతుంది, నువ్వు కాదు” అంది కూతురు యోకాస్తా. దానికి పదిహేనేళ్లు. నోటికి మాత్రం యాభై.

వంటింట్లో అత్తగారు ఇలుమినాదా ఉడికించిన పచ్చి అరటికాయలు మెదుపుతోంది. ఆవిడ కొడుకు రదామెస్ టైర్ల షాపు తెరవడానికి వెళ్లేముందు రోజూ అదే తిని వెళతాడు. పైన వేయించిన ఉల్లిపాయలు నిండుగా ఉండాలి, నూనె కంచం అంచుదాకా కారాలి. అది ఆయన జన్మహక్కు.

“ఏంటమ్మా ఇది, ఉల్లిపాయలు ఎండలో ఆరేసినట్టున్నాయి? ఉపవాసాల రోజులు ఇంకా రాలేదు కదా?”

“నీ పొట్ట చూసుకున్నావా? చొక్కా గుండీలు కుయ్యోమంటున్నాయి. మాట్లాడకుండా తిను” అంది తల్లి. ఆ తర్వాత కోడలివైపు తిరిగి, గొంతు కాస్త మెత్తబరచి అడిగింది. “ఇవాళ మధ్యాహ్నమేగా పిల్లా?”

“ఇవాళే అత్తయ్యా” అంది నూరిస్. ఆ మాట అంటుంటేనే అరచేతులు చెమటలు పట్టాయి.

మధ్యాహ్నం ఇంట్లో భోంచేయడానికి ఎవరికైనా చెమటలు పడతాయా అని మీరు నవ్వచ్చు. నూరిస్ సంగతి తెలిస్తే నవ్వరు. వాళ్లమ్మ షుగరు జబ్బుతో మొదట వేలు, తర్వాత పాదం, ఆపైన మోకాలిదాకా పోగొట్టుకుని, చివరి రోజులు కిటికీ పక్కన చక్రాల కుర్చీలో గడిపింది. ఆ కుర్చీ తోసింది నూరిసే. నలభై దాటాక తన రక్తంలో కూడా చక్కెర ఎక్కువగా ఉందని తెలిసిన రోజున, ఆమెకి మొదట గుర్తొచ్చింది ఆ చక్రాల చప్పుడు. అంతకుముందు రెండుసార్లు కష్టపడి తగ్గింది. రెండుసార్లూ పోయిన బరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది. మూడోసారి పక్కనున్న పట్నం సాంతియాగోలో ఒక క్లినిక్కులో చేరింది. వాళ్లు పొద్దున కలుపుకుని తాగే పొడి దగ్గర్నుంచి రాత్రి సూపు దాకా అన్నీ కొలిచి డబ్బాల్లో పెట్టి ఇచ్చేవారు. డబ్బాలో ఉన్నదే తినాలి, లేనిది ముట్టకూడదు. ఎనిమిది నెలలు ఆమె ఇంటిల్లిపాదీ టేబుల్ దగ్గర కూర్చుని తింటుంటే, వాసన తగలకుండా పెరటి మెట్టు మీద కూర్చుని తన డబ్బా తాను తింది. యాభై పౌన్లు తగ్గింది. మాత్రలు సగమయ్యాయి. వీధిలో వాళ్లు మాత్రం “అయ్యో, అలా చిక్కిపోయావేంటి, మొగుడు సరిగా చూసుకోవట్లేదా?” అని రదామెస్ వైపు అనుమానంగా చూసేవారు.

ఇప్పుడు ఆ డబ్బాల కాలం అయిపోయింది. “విరిగిన కాలికి కట్టు కట్టాం. ఎముక అతుక్కుంది. జీవితాంతం కట్టుతో తిరుగుతావా?” అంది ఆ క్లినిక్కు డాక్టర్ ఎనేయిదా. ముందు మధ్యాహ్నం భోజనంతో మొదలుపెట్టమంది. సగం కంచం కూరగాయలు, మిగతా సగంలో అన్నం, పప్పుగింజలు, మాంసం. ఏది తిన్నా కూర్చుని, కంచంలో పెట్టుకుని తినాలి. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి. మొదట్లో కాస్త పెరుగుతుంది, అది నీరు, కంగారుపడొద్దు. నూరిస్ అన్నిటికీ తలూపింది. క్లినిక్కు మెట్లు దిగేసరికి ఆ తలూపుడు మెట్ల మీదే జారిపోయింది.

ఆమె పనిచేసే బట్టలకొట్టు మధ్యాహ్నం మూసేస్తారు. ఇంటికొచ్చేసరికి పెళ్లివారింటిలా ఉంది. అతిథులకి తీసే పింగాణీ కంచాలు బయటికొచ్చాయి. తెల్లన్నం, ఎర్ర చిక్కుడుగింజల పులుసు, కోడికూర, క్యాబేజీ టమాటా ముక్కలు, అవకాడో. ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్న కుర్చీని ఇలుమినాదా తన కొంగుతో, అదే, నడుముకు కట్టుకున్న ఏప్రన్ అంచుతో తుడిచింది.

“రా తల్లీ, కూర్చో. నీ చోటు నీకోసమే ఎదురు చూస్తోంది.”

కంచంలో అన్నం కొండలా పెట్టింది. దాని మీద పులుసు పోయబోతుంటే నూరిస్ కంచానికి రెండు చేతులూ అడ్డుపెట్టింది.

“అత్తయ్యా, వద్దు, నేను పెట్టుకుంటాను.” కొండంతా గిన్నెలోకి తిరిగి వెళ్లింది. కంచంలో రెండు చెంచాల అన్నం, నాలుగు గింజలు, వేలెడంత కోడిముక్క మిగిలాయి.

“మన పెరట్లో పావురాలు ఇంతకంటే ఎక్కువ తింటాయి” అన్నాడు రదామెస్.

“నువ్వు నోర్ముయ్యరా” అంది తల్లి. కానీ ఆవిడ చేతిలో గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది.

నూరిస్ పిట్ట తిన్నట్టు తిని, సగం ఆకలితో లేచింది. రదామెస్ షాపుకి, యోకాస్తా స్నేహితురాలింటికి వెళ్లిపోయారు. అత్తగారు కునుకు తీయడానికి గదిలోకి వెళ్లింది. “గిన్నె నేను తోముతాలెండి” అంది నూరిస్.

మందపాటి అల్యూమినియం గిన్నె అడుగున మాడుచెక్క ఉంది. మేం దాన్ని కొంకోన్ అంటాం. బంగారు రంగులో, కరకరలాడుతూ, మేం అన్నం వండేటప్పుడు పోసే నూనె పీల్చుకుని, గిన్నెకి అతుక్కుని ఉంటుంది. మా ఇళ్లలో అన్నం వండడం వచ్చో రాదో చెప్పేది అదే. దాన్ని ఎవరికి పెడితే వాళ్లంటే ఆ ఇంటి ఇల్లాలికి ప్రాణమని లెక్క. ఇంకో చిత్రమేమిటంటే, దాన్ని పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె గీకుతూ తిన్నవాళ్లు తిన్నట్టు కాదు. గిన్నె తోమినట్టు! ఇది ఎవరూ రాయని చట్టం. మా అమ్మమ్మల నుంచీ అందరూ పాటిస్తున్నదే.

నూరిస్ చెంచాతో గీకింది. ఒక ముక్క ఊడొచ్చింది. దాన్ని పులుసు గిన్నెలో ముంచి నోట్లో వేసుకుంది. గీకింది. ముంచింది. గిన్నె అడుగు తెల్లగా తళతళలాడే దాకా ఆపలేదు. తర్వాత సబ్బు పెట్టి తోమి బోర్లించింది. ఇవాళ ఎంత తక్కువ తిన్నానో అని తనని తానే మెచ్చుకుంటూ కొట్టుకి వెళ్లింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. టేబుల్ దగ్గర పిట్ట, పొయ్యి దగ్గర పిల్లి.

మొదటివారం ముల్లు కాస్త కుడికి జరిగింది. నీరేలే, డాక్టరు చెప్పిందిగా అనుకుంది. రెండోవారం ఇంకాస్త జరిగింది. ఆ తర్వాత నూరిస్ పొద్దున ఒకసారి, కొట్టు నుంచి వచ్చాక ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి దానిమీద ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కిన ప్రతిసారీ అది చెడ్డమాటే చెప్పింది. ఒకరోజు కొట్టుకి బయల్దేరుతూ లంగా హుక్కు పెట్టుకుంటే పడలేదు. మళ్లీ మొదలైంది, మూడోసారి కూడా మొదలైంది అనుకుంది. కిటికీ పక్కన అమ్మ కుర్చీ కళ్లముందు కదిలింది. రెండు చెంచాల అన్నానికి బరువెలా పెరుగుతుంది? పెరగదు. మరి ఎవరో ఏదో చేస్తున్నారు. వంట చేసేది ఒక్కరే.

అనుమానం ఒకసారి ఇంట్లో అడుగుపెడితే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం నూరిస్ టేబుల్ దగ్గర కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, నూనె సీసా తెచ్చి టేబుల్ మధ్యలో ఠంగుమని పెట్టింది.

“అత్తయ్యా, నాకు నిజం చెప్పండి. ఇందులోంచి అన్నంలో ఎంత పోస్తున్నారు?”

ఇలుమినాదా చెయ్యి పులుసు గరిటె మీద ఆగింది. “ఏమంటున్నావు పిల్లా?”

“నా బరువు పెరుగుతోంది. నేను తినేది మీరంతా చూస్తూనే ఉన్నారు. చిన్నపిల్ల కూడా ఇంతకంటే ఎక్కువ తింటుంది. మరెలా పెరుగుతోంది? నేను తగ్గడం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. లావుగా ఉంటేనే ఆరోగ్యం అంటారు. మీ చేతివంట మానేశానని మీకు కడుపుమంట. అందుకే చాటుగా...”

“నూరిస్!” రదామెస్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“నువ్వు ఆగు! మా అమ్మ కుర్చీ తోసింది నేను, నువ్వు కాదు. రేపు నన్ను ఎవరు తోస్తారు? ఈవిడ తోస్తుందా?”

ముసలావిడ చాలాసేపు సీసావైపే చూసింది. ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఏప్రన్ ముడి విప్పి, మడతపెట్టి కుర్చీ వీపు మీద వేసింది.

“నీ వంట నువ్వే చేసుకో తల్లీ. అప్పుడు నీకు భయం ఉండదు” అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే అందరినీ ఎక్కువ పొడిచింది. సాయంత్రం బస్సుకి సాంతియాగోలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది.

బస్సెక్కించి వచ్చిన రదామెస్ చొక్కా అయినా విప్పకుండా నూనె సీసా తీసుకుని భార్య ముందు పెట్టాడు.

“ఇదెప్పుడు కొన్నానో తెలుసా? నువ్వు మళ్లీ మాతో కూర్చుని తింటావని అమ్మకి తెలిసిన రోజున. ఇదివరకు సీసా వారం కూడా వచ్చేది కాదు. ఇప్పుడు చూడు, ఇంకా సగముంది. నీకోసం అందరి వంటలోనూ నూనె తగ్గించేసింది. నీకు చెప్తే ‘నావల్ల అందరూ చప్పిడి తినాలా’ అంటావని నన్ను నోరెత్తొద్దంది. నేను పొద్దున్నే ఆ ఎండు ఉల్లిపాయలు మింగుతూ జోకులేస్తున్నది సరదాకనుకున్నావా?”

సిగ్గుతో నూరిస్ ముఖం కాలిపోయింది. కానీ ఆ సిగ్గు కిందనే భయం ఇంకా గట్టిగా పట్టుకుంది. నూనె కాకపోతే మరింకేమిటి? తన ఒంట్లోనే ఏదో చెడు ఉందా? ఏం చేసినా, ఎంత మాడినా, చివరికి ఆ కుర్చీయేనా?

మర్నాడు కొట్టుకి సెలవు పెట్టి తానే వండింది. అన్నంలో చెంచాతో కొలిచి నూనె పోసింది. రదామెస్ మాట్లాడకుండా తిని వెళ్లాడు. యోకాస్తా మాట్లాడకుండా తిని వెళ్లింది. నూరిస్ తన రెండు చెంచాలూ తిని, గిన్నె ముందుకెళ్లి నిలబడింది. చెంచా తీసుకుని గీకింది. నోట్లో పెట్టుకుంది. ఇంకా గీకింది.

“అమ్మా, నా గొడుగు...” యోకాస్తా గుమ్మంలో ఆగింది. “తింటున్నావా?”

“లేదే, గిన్నె తోముతున్నా.”

యోకాస్తాకి ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియలేదు. “నోట్లో పెట్టుకుని తోముతున్నావా అమ్మా?”

నూరిస్ నమలడం ఆపింది. చేతిలో చెంచా వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. సగం అడుగు అప్పటికే తెల్లబడింది. ఆ సగం తన కంచంలో పెట్టుకున్న అన్నానికి రెండింతలుంటుంది. నిన్న కూడా ఇలాగే నిలబడింది. మొన్న కూడా. రుచి కూడా సరిగా తెలియకుండా, ఎవరైనా వస్తారేమోనని ఒక చెవి గుమ్మం వైపు వేసి, దొంగలా మింగింది. ఇంతా చేసి, తన కోసం నూనె తగ్గించిన మనిషిని దొంగని చేసి పంపింది.

ఆమె పొయ్యి పక్కనే నేల మీద కూలబడి ఏడ్చింది. యోకాస్తా గొడుగు సంగతి మరిచిపోయి వచ్చి పక్కన కూర్చుంది.

“ఊరుకో అమ్మా. మాడు తిన్నందుకు ఎవరైనా ఏడుస్తారా?”

“మాడు తిన్నందుకు కాదే. ఆకలేస్తోందే నాకు. రోజూ ఆకలితోనే లేస్తున్నాను” అంది నూరిస్. ఆ మాట బయటికి వచ్చాకే అది ఎంత నిజమో ఆమెకి తెలిసింది.

ఆ సాయంత్రమే ఆమె సాంతియాగో వెళ్లింది. ఆడపడుచు పనికి వెళ్లింది. ఇలుమినాదా వరండాలో ఊగే కుర్చీలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది. కోడల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. నూరిస్ పక్కన పీట లాక్కుని కూర్చుని, చాటలోంచి ఒక గుప్పెడు కాయలు తీసుకుంది. కాసేపు ఇద్దరూ ఒలిచారు.

“తప్పు నాదే అత్తయ్యా. నూనె సంగతి ఆయన చెప్పాడు. నా బరువు పెంచింది ఆ కొంకోన్. రోజూ మీరు పడుకున్నాక గిన్నె మొత్తం నేనే గీకి తిన్నాను. తింటున్నానని నాకే తెలియకుండా తిన్నాను. పైగా మిమ్మల్ని అన్నాను.”

ముసలావిడ ఒలవడం ఆపలేదు. “నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“నువ్వు తింటున్నావని. గోడ పక్కనే కదా నా మంచం, గీకుడు వినపడదా?” ఆవిడ చేతిలో కాయ విరగలేదు. “నువ్వేమో కంచంలో నాలుగు మెతుకులు పెట్టుకుని లేచేదానివి. నాకు ముద్ద దిగేది కాదు. అందుకని మంట కాస్త ఎక్కువసేపు ఉంచి, అడుగున మందంగా కట్టనిచ్చేదాన్ని. రదామెస్ అడిగినా గీకనిచ్చేదాన్ని కాదు. కూర్చుని తినకపోతే పోనీ, నిలబడైనా తింటోందిలే అనుకున్నాను. నువ్వు సీసా పట్టుకొచ్చి అడిగావు చూడు, అప్పుడు నూనె పోయలేదని చెప్పబోయాను. కానీ మాడు సంగతి గుర్తొచ్చింది. ఏ నోటితో చెప్పను? నీ కుర్చీకి చక్రాలు నేనే బిగిస్తున్నానేమో అనిపించి లేచి వచ్చేశాను.”

నూరిస్‌కి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి.

“అంటే నేను దొంగతనంగా తింటున్నాననుకుంటున్నాను, మీరు దొంగతనంగా పెడుతున్నారు!”

“ఇద్దరు దొంగలకి ఒకటే గిన్నె” అంది ఇలుమినాదా. తనూ కళ్లు తుడుచుకుంది. “మా అమ్మకి పదకొండుమంది పిల్లలం. మాకు ముద్దులూ గారాలూ తెలియవు. గిన్నె ఎవరి చేతికిస్తే వాళ్లని ప్రేమించినట్టు. నాకింకో విద్య రాదు పిల్లా.”

“నాకు భయమత్తయ్యా. ఎనిమిది నెలలు డబ్బా అయిపోతే తిండి అయిపోయినట్టే. ఇప్పుడు గిన్నె నిండా ఉంటుంది. ఒకసారి సరిగ్గా మొదలుపెడితే ఆగలేనేమోనని భయం. అందుకే మొదలే పెట్టట్లేదు.”

“మొదలుపెట్టకుండానే గిన్నె ఖాళీ చేశావుగా” అంది ముసలావిడ. “ఇంతకంటే ఏం తినేస్తావు?”

చీకటి పడేలోగా ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. అత్తగారు కంచంలో వడ్డించకూడదు, బతిమాలకూడదు. కోడలు నిలబడి ఒక్క మెతుకు నోట్లో వేసుకోకూడదు. మాడు కావాలంటే అది కూడా కంచంలోకే రావాలి, అందరి ఎదురుగా, అన్నానికి బదులుగా. ఒలిచిన కందిగింజలు మూటగట్టుకుని చివరి బస్సులో తమ ఊరు మోకాకి తిరిగొచ్చారు.

మర్నాడు నూరిస్ తన కంచం తానే నింపుకుంది. సగం క్యాబేజీ, టమాటాలు. ఆ పక్కన అన్నం, నాలుగు గింజలు కాదు, గరిటెడు పులుసు, తినేంత కోడికూర. అంచున అరచేతిలో సగమంత మాడుచెక్క. కూర్చుంది. మెల్లగా తింది. కరకరమని చప్పుడు అందరికీ వినపడుతుంటే మొదట సిగ్గేసింది. ఎనిమిది నెలల తర్వాత అన్నం రుచి అప్పుడు తెలిసింది. తిన్నాక గిన్నె తోమే వంతు రదామెస్‌కి పడింది. ఆయన గోల ఆయనది.

కథ అక్కడితో సుఖాంతం అయిందనుకోకండి. ఆ వారం ముల్లు దిగలేదు. డాక్టర్ ఎనేయిదాకి అంతా చెప్తే ఆవిడ పడీ పడీ నవ్వి, తర్వాత యంత్రాన్ని స్నానాలగదిలోంచి తీసి బీరువా పైన పెట్టమంది. ఆదివారం పొద్దున మాత్రం రదామెస్ కిందికి దించేవాడు. ఒక పెళ్లిలో నూరిస్ కేకు రెండుసార్లు తింది. మర్నాడు డబ్బాల కోసం క్లినిక్కుకి ఫోన్ చేయబోతే యోకాస్తా ఫోన్ లాక్కుని, “ఒక్క పూటకి ఎవరూ గుమ్మడికాయ అయిపోరు, మామూలుగా అన్నం తిను” అంది. సాయంత్రాలు అత్తాకోడళ్లు పార్కు చుట్టూ నడిచేవారు. నడక కంటే కబుర్లే ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ లంగా హుక్కు దానంతటదే పడింది. ముల్లు ఒక పౌను అటూ, ఒక పౌను ఇటూ తిరిగి, చివరికి ఒకచోట స్థిరపడింది. అది డబ్బాల రోజుల్లో ఉన్నదానికి కాస్త పైనే. కానీ మాత్రలు పెరగలేదు. రక్తంలో చక్కెర అదుపులోనే ఉంది.

ఒక మధ్యాహ్నం వర్షం కురుస్తోంది. కందిగింజలు, కొబ్బరిపాలు వేసి ఇలుమినాదా వండిన అన్నం ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. రదామెస్ రెండోసారి పెట్టుకుంటున్నాడు. యోకాస్తా బడిలో ఎవరితోనో అయిన గొడవ చేతులు తిప్పుతూ చెబుతోంది. నూరిస్ పగలబడి నవ్వుతూ, మధ్యలో చెంచా కింద పెట్టింది. కంచంలో ఇంకా నాలుగు ముద్దల అన్నం, మంచి కోడిముక్క ఉన్నాయి. అవి తినాలని లేదు. ఎవరూ వద్దనలేదు, ఏ డబ్బా అయిపోలేదు. కడుపు నిండింది, అంతే.

ఇలుమినాదా ఒప్పందం మర్చిపోయింది. వర్షం, మంచి అన్నం, నవ్వుతున్న కోడలు. ఆవిడ చేతిలోకి గరిటె దానంతటదే వచ్చింది. “ఇంకొంచెం పెట్టనా తల్లీ?”

“చాలు అత్తయ్యా” అంది నూరిస్.

అనేశాక తన మాట తానే విని ఆగిపోయింది. ఆ మాటలో భయం లేదు, లెక్క లేదు. నిజంగానే చాలు. ఆమె చెయ్యి పొట్టమీదికి వెళ్లింది. పాలు తాగి నిద్రపోయే పసిపిల్లలా, ఆ పొట్ట నిశ్శబ్దంగా ఉంది. నూరిస్ కళ్లలోంచి నీళ్లు టపటపా కంచం పక్కన రాలాయి.

“ఏమైంది అమ్మా?” యోకాస్తా కథ మధ్యలో ఆపేసింది.

“ఏం లేదే. కడుపు నిండింది” అంది నూరిస్.

ఇలుమినాదా ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. ఆ ఇంట్లో ఎవరైనా వద్దంటే ఆవిడ ఏనాడూ ఒక్కసారికే ఊరుకున్నది లేదు. ఇవాళ మాత్రం గరిటె మళ్లీ గిన్నెలో పెట్టి, మూత వేసి, కోడలి చేతి మీద తన చెయ్యి వేసింది.

“సరే తల్లీ. చాలంటే చాలు.”